పెరటి చెట్టూ, పురుగు తిన్న ఆకూ

‘పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు’ అన్న సామెత పుట్టిన కాలంలో పెరడు అందరికీ ఉండేది కాబోలు. ఖాజాగూడ బహుళ అంతస్తుల భవనాల్లో కాపురముంటున్న మాబోటివారికి సామెత మిగిలింది, పెరడు మిగలలేదు. ఉన్నదల్లా ఆరడుగుల బాల్కనీ, కింద ప్రహరీగోడ వెంట సన్నని మట్టిపట్టీ. ఆ కాస్త జాగాలో పిట్టకూ పురుగుకూ చోటివ్వాలా వద్దా అన్నదే ఈ మధ్య మా సముదాయంలో చెలరేగిన వివాదం.

వివాదానికి మూలం ఒక కరివేప చెట్టు. గొంగళిపురుగులు ఆకులు తినేస్తున్నాయి కనుక వారం వారం మందు కొట్టించాలని తీర్మానం వచ్చింది. కాదన్నవాడిని నేనొక్కడినే. ఆనాడు సభలో తడబడుతూ చెప్పిన మాటలనే ఇక్కడ తీరిగ్గా చెప్పుకుంటున్నాను.

కరివేప, నిమ్మ మొక్కల మీదనే గుడ్లు పెట్టే సీతాకోకచిలుకలున్నాయి. వాటి పురుగు తొలిదశలో అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. శత్రువు కన్నుగప్పడానికి ప్రకృతి దానికిచ్చిన వేషమది. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. తాకితే తల వెనుకనుంచి చీలిన కొమ్మువంటి దానిని చాచి ఘాటైన వాసన వదులుతుంది. జిల్లేడుకూ ఇలాగే తనదైన సీతాకోకచిలుక ఉంది. మనం మాత్రం జిల్లేడును పిచ్చిమొక్క అని పీకేస్తాం, కరివేపకు మందు కొడతాం, ఆపైన పిల్లలకు సీతాకోకచిలుకను బొమ్మల పుస్తకంలో చూపిస్తాం. పూత రాల్చేసి కాయకోసం ఎదురుచూడటమంటే ఇదే.

పిచ్చుకల విషయంలోనూ మన దయ సగంలోనే ఆగిపోతోంది. చూరుకు వరికంకుల కుచ్చులు వేలాడదీయడం మన పెద్దల ఆచారం. ఎంతో అందమైన ఆచారం. అయితే గింజలు పెద్ద పిచ్చుకల ఆహారం. గూటిలోని పసికూనకు తొలిరోజుల్లో తల్లి తెచ్చిపెట్టేది మెత్తని పురుగులనే. పురుగులేని తోటలో కంకులు ఎన్ని కట్టినా కూనలు బతకవు. పాత ఇళ్లలో పెరడు ఉండేది, పెరట్లో పాదులుండేవి, పాదుల్లో పురుగులుండేవి. కనుక చూరులోని కుచ్చు సార్థకమైంది. మనం కుచ్చును మాత్రం కొని తెచ్చుకుని, మిగతాదంతా మందుపాలు చేశాం.

ఇక పావురాలకు గింజలు వెదజల్లే పుణ్యకార్యం ఒకటుంది. దానివల్ల అసలే విస్తరించిన ఒక జాతి మరింత విస్తరించడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఎండిన రెట్టల ధూళి కొందరికి ఊపిరితిత్తుల జబ్బు తెస్తుందని వైద్యులు హెచ్చరిస్తూనే ఉన్నారు. జీవాలను రప్పించడమంటే తిండి పోయడం కాదు, బతుకు సాగే వీలు కల్పించడం. మందార పూస్తే తేనెపిట్ట పిలవకుండానే వస్తుంది. వెడల్పాటి ఆకుల మొక్క గుబురుగా పెరిగితే ఆ ఆకులను కుట్టి గూడు కట్టే చిన్ని పిట్ట వస్తుంది. అందం చెడిందని మనం నరికించే ఎండుకొమ్మను తొలుచుకుని కంసాలి పిట్ట సంసారం చేస్తుంది. వేసవిలో మట్టిమూకుడులో నీళ్లు పెడితే ఎన్నో గొంతులు తడుస్తాయి. రెండు రోజులకొకసారి ఆ నీరు పారబోసి మూకుడు తోమితే దోమల భయమూ ఉండదు.

పాముల మాటేమిటని సభలో ఒకావిడ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. చెత్తకుప్పలూ ఎలుకలూ లేకుండా చూసుకోవడం, రాత్రిపూట దీపం లేకుండా అటు వెళ్లకపోవడం మన చేతిలో పని. అయినా వస్తే పట్టుకుని సురక్షితంగా వదిలిపెట్టే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి సంస్థ ఈ నగరంలో ఉంది. కర్ర ఎత్తనక్కరలేదు.

అయితే ఒక్క మాట. మన బాల్కనీకి వచ్చే పిట్ట అక్కడ పుట్టింది కాదు. పక్కనే ఉన్న ఖాజాగూడ గుట్టనో, చెరువునో, ఏదో ఒక పొదనో ఆసరా చేసుకుని వస్తుంది. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి ఈ రాళ్ల సందుల్లో తొండలు, గూబలు తరతరాలుగా కాపురమున్నాయి. రాళ్లను కాపాడుకోవాలని కొందరు పౌరులు 1996లోనే సంఘంగా ఏర్పడ్డారు. ఇక్కడికి దగ్గరలోని కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల భూమిలో 2025 మార్చి నెలాఖరున యంత్రాలు దిగి చెట్లు కూల్చాయి. ఏప్రిల్ 3న సర్వోన్నత న్యాయస్థానం ఆ పనిని ఆపమన్నది. ఆ రోజుల్లో మేమంతా ఫోన్లలో ఆ దృశ్యాలు చూసి బాధపడినవాళ్లమే. మరుసటి వారమే మా ప్రహరీ పక్కన గుబురును చదును చేయించినవాళ్లమూ మేమే. గుట్ట పోతే మూకుడు దగ్గరకు వచ్చేవారుండరు. మూకుడు పెట్టిన చెయ్యి గుట్ట కోసం కూడా లేవకపోతే ఆ దయ వట్టి ఆత్మసంతృప్తి.

సభలో నా వాదన పూర్తిగా నెగ్గలేదు. పచ్చికకు మందు ఆగలేదు. కరివేప చెట్టుకూ దాని చుట్టూ నాలుగడుగుల నేలకూ మాత్రం మినహాయింపు దొరికింది. నిన్న వంటకని ఆకు కోయబోతే సగానికి సగం చిల్లులే. పులుసులోకి చాలినంత దొరికింది. మిగిలినది ఎవరి వాటా వారిది.