ఆటలో సమబలము

గెలుపు ముందే నిశ్చయమైన పోరు పోరనిపించుకొనదు. గెలుపోటముల నడుమనుండు సందేహమే ఆటకు రుచి. ఆ సందేహమును తుదివఱకు నిలుపుట ఆటను కల్పించువాని ముఖ్యధర్మము.

ఈ ధర్మమును తెలుగు పల్లెవాసులు పూర్వమే యెఱిగియుండిరి. అరుగులమీద గీచి ఆడు పులిజూదమే యిందుకు సాక్ష్యము. పులులు 3, మేకలు 15. పులి మేకమీదుగా దుమికి దానిని చంపగలదు. మేక దేనిని చంపజాలదు. కాని తోడి మేకలతో కూడి పులికి దారి లేకుండ కట్టివేయగలదు. బలములు వేఱు, అవకాశము మాత్రము ఇరుపక్షములకును కలదు.

నేడు విశాఖపట్టణమున, ఉక్కునగరపు ఇండ్లలోను, రేవు చేరువ వీధులలోను, బాలబాలికలు కంప్యూటరు తెరమీదను సెల్‌ఫోనులోను వేఱొక పోరు సాగించుచున్నారు. మాయాలోకమున వీరుడు రాక్షసులతో తలపడును. ఇరువురి ప్రాణమునకును ఒక అంకె కలదు. దెబ్బ తగిలినకొలది అది తగ్గును. సున్న యైనచో ప్రాణము పోవును. ఆటగాండ్రు దీనిని ‘హెల్త్’ అందురు. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆట ఈ పద్ధతిని వ్యాపింపజేసినది. ఆర్నెసన్ దీనిని నౌకాయుద్ధపు టాటనుండి గ్రహించెను. మనుష్యుడు ఒక్క వ్రేటునకే కూలవచ్చును. యుద్ధనౌక పెక్కు దెబ్బల కోర్చును. విశాఖ సముద్రతీరమున 2002 నుండి ప్రదర్శనశాలగా నున్న కుర్సురా జలాంతర్గామిలో గదికిని గదికిని నడుమనున్న దృఢమైన ద్వారములను చూచినవారికి ఈ యోర్పు బోధపడును. ఓడకు తగిన యీ గుణము వీరునకు సంక్రమించుటచే అతనికి తప్పు దిద్దుకొను వ్యవధి లభించినది.

అంకెలను నిర్ణయించుటలోనే వివేకము కావలెను. వీరుని ప్రాణము 60, రాక్షసునిది 100 అనుకొనుడు. వీరుని వ్రేటు 10, రాక్షసుని వ్రేటు 12. ఊరక కొట్టుచు పోయినచో వీరునకు పది వ్రేట్లు కావలెను. కాని ఐదవ దెబ్బకే అతడు కూలును. కావున డాలు పట్టవలెను, మందు త్రాగవలెను, శత్రువు నిప్పునకు జంకునేమో కనిపెట్టవలెను. ఇట్టి పోరు బుద్ధికి పని చెప్పును. రాక్షసుని వ్రేటును 60 చేసినచో పాఠము నేర్వకమునుపే ఆట ముగియును. 1 చేసినచో భయమే యుండదు.

కొందఱు కల్పకులు కష్టమును పెంచుటకై రాక్షసుని ప్రాణమును 100 నుండి 1000కి పెంచి యూరకుందురు. ఇది తగదు. పది వ్రేట్ల పని నూఱు వ్రేట్లగును. క్రొత్త యోచన అక్కఱలేదు. చేయి అలయును, బుద్ధి నిద్రించును. ఇంతకంటె హీనమైనది, శత్రువును గెలువరానివానిగా జేసి, గెలిపించు ఖడ్గమును రొక్కమునకు అమ్ముట. అచ్చట పరీక్షింపబడునది తండ్రి జేబే!

జరాసంధుని కథ తెలుగువారెల్లరు ఎఱిగినదే. భీముడు చీల్చినను అతని దేహము మరల అతుకుకొనెనని చెప్పుకొందురు. భుజబలమంతయు వ్యర్థమాయెను. కృష్ణుడు గడ్డిపరకను చీల్చి, చీలికలను తారుమారుగా వేసి చూపగా భీమునకు మర్మము తెలిసెను. మంచి కల్పకుడు రాక్షసునకు మర్మము నుంచును. దానిని కనుగొను సూచనను గూడ నుంచును.

క్రొత్తవానికి సులభముగను, ఆరితేరినవానికి కఠినముగను ఆటను మార్చుకొనుట అన్యాయమని కొందఱందురు. వ్యాయామశాలలో బాలునకు చిన్న గదయు, మల్లునకు పెద్ద గదయు ఇచ్చుట అన్యాయమా? ఎవరి బలమునకు తగిన బరువు వారిని పెంచును.

బాలలారా! ఓడిపోయినపుడు ఒక్క ప్రశ్న వేసికొనుడు: ‘వేఱొక యుపాయము పన్నియున్నచో గెలిచియుందునా?’ అవునని తోచినచో ఆ యాట న్యాయమైనది, మరల ఆడుడు. డబ్బు వెచ్చించుట తప్ప వేఱు మార్గము తోపనిచో, ఆ యాటను విడిచి అరుగుమీద పులిజూదము గీచికొనుడు. అచ్చట పదునైదు మేకలు మీ నేర్పుకొఱకు వేచియుండును.