కుండీలో బ్లూబెర్రీ: మొక్క కంటే ముందు నీరు

మిద్దెతోటలలో బ్లూబెర్రీ పెంచదలచినవారు మొక్క ఎంపికపై చూపే శ్రద్ధ నీటి నాణ్యతపై చూపకపోవడం సరికాదు. ఈ మొక్కకు ఆమ్ల నేల తప్పనిసరి అని అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ కోవిల్ 1910లో ప్రచురించిన పరిశోధనలు వెల్లడించాయి. ఆ పునాదిపైనే, ఎలిజబెత్ వైట్ సహకారంతో, 1916లో న్యూజెర్సీలో తొలి వాణిజ్య పంట చేతికందింది.

మట్టి ఉదజని సూచిక 4.5 నుండి 5.5 వరకు ఉండాలి. బైకార్బనేట్లు అధికంగా గల బోరు నీటిని నిత్యం పోస్తే కుండీలోని ఆమ్లత్వం క్రమంగా తగ్గుతుంది. అప్పుడు ఇనుము ఉన్నప్పటికీ వేర్లకు అందదు. ఈనెలు ఆకుపచ్చగానే ఉండి లేత ఆకులు పసుపు రంగుకు మారుతాయి. ఎరువుల మోతాదు పెంచినంత మాత్రాన ఈ లోపం తీరదు.

వాన నీటిలో బైకార్బనేట్లు అత్యల్పం. 100 చదరపు మీటర్ల కప్పుపై 10 మి.మీ. వర్షం కురిస్తే 1000 లీటర్ల నీరు పడుతుంది. తొలి జల్లును వదిలి, మిగిలిన నీటిని దోమలు చేరకుండా మూత గల తొట్టెలో నిల్వ చేసుకోవాలి.

అయితే వాన నీరు చలి కొరతను తీర్చలేదు. ఉత్తర హైబుష్ రకాలకు అవసరమైన దీర్ఘకాలపు చలి తెలుగు రాష్ట్రాల మైదానాలలో లభించదు. కనుక తక్కువ చలి సరిపోయే దక్షిణ హైబుష్ రకాలనే, అదీ ఒకటి రెండు కుండీలలో, పరీక్షించి చూడడం వివేకం. రకం పేరు తెలియని మొక్కపై డబ్బు వెచ్చించరాదు. బ్లూబెర్రీ ఫలించకపోయినా వాన నీటి తొట్టె తక్కిన మొక్కలకు ఉపయోగపడుతుంది. అందువల్ల మొదటి ఖర్చు దానికే కేటాయించాలి.