మందు గడువు, వ్యాజ్యపు గడువు



గడచిన మాసమున మా యింట నొక చిన్న తగవు పుట్టినది. జగ్గయ్యపేటలో కొన్న దగ్గుమందుతో పిల్లవానికి గుణము కనబడనందున సీసాను పారవేయబోతిమి. మావారు వలదని, రసీదును సీసామీది చీటిని దాచుమనిరి. బడిపంతుళ్లకు కాగితములపై మక్కువ యెక్కువ గదా యని నవ్వుకొంటిమి. సంగతి విచారించినకొలది ఆ నవ్వు నిలువలేదు.

1940వ సంవత్సరపు ఔషధచట్టము ప్రకారము ఇన్‌స్పెక్టరు అంగడిలో తీసిన నమూనాను నాలుగు భాగములు చేసి ముద్రవేయవలెను. ఒకటి అంగడివానికి, ఒకటి సర్కారు పరీక్షకునకు, ఒకటి న్యాయస్థానమునకు, మిగిలినది తయారుదారునకు. మందు నాసియని పరీక్షకుడు వ్రాసినచో, ఆ నివేదిక అందిన 28 దినములలో ముద్దాయి దానిని కాదనవచ్చును. అప్పుడు న్యాయస్థానము తన భాగమును కలకత్తాలోని కేంద్ర పరిశోధనశాలకు పంపవచ్చును; అచ్చటి మాటయే తుదిమాట. ఈ యేర్పాటు ధర్మసమ్మతమనియే మా తలంపు. మన మెట్టసీమ యెండలకు మందు చెడుట మనమెరుగనిది కాదు. నమూనాను ఎచ్చట నిలువచేసితిరని తయారుదారు అడిగినచో తప్పేమి?

చిక్కంతయు కాలముతోనే. మందు గడువు వ్యాజ్యముకొరకు ఆగదు. నివేదిక జాగై, అనుమతి జాగై, ఫిర్యాదు చేరునప్పటికి బీరువాలోని నమూనాకు గడువు తీరిపోవును. గడువు తీరిన మందును మరల పరీక్షించి ఫలమేమి? రెండవ పరీక్ష హక్కు పోయినదని ముద్దాయి పై న్యాయస్థానమున మొరపెట్టుకొనును. మెడికామెన్ బయోటెక్ వ్యాజ్యమున 2008లో సుప్రీంకోర్టు ఇట్టి కారణముచేతనే అభియోగమును కొట్టివేసినది. తమిళనాటి హస్ముఖ్‌లాల్ వోరా వ్యాజ్యమున తనిఖీ 2013లో జరుగగా ఫిర్యాదు 2017లో వచ్చినది. అది నమూనా తగవు కాదు గాని, ఆ జాగునకు తగిన కారణము చూపలేదని 2022లో దానిని గూడ కొట్టివేసిరి. న్యాయమూర్తులను నిందింపజాలము. ఐనను అభియోగము పోయినంతమాత్రమున మందు మంచిదని తేలినదా? చెంచాతో బిడ్డనోట పోసిన తల్లికి ఆ సంగతి యెన్నటికిని తెలియదు.

భారతమున పరీక్షిత్తును బ్రదికింప బయలుదేరిన కాశ్యపుడు తక్షకునిచే ధనము గైకొని దారినే మరలిపోయెను. ఇచ్చట ధనముతో పనిలేదు, జాగు చాలును.

పరీక్షకు ఏండ్లు పట్టవలెనా యందురేమో. 2025లో మధ్యప్రదేశపు ఛింద్వాడాలో కోల్డ్రిఫ్ అను దగ్గుమందు త్రాగి పసివారు మరణింపగా, తమిళనాటి పరిశోధనశాల యొక్క దినములోనే అందు నూటికి 48.6 పాళ్లు డైఇథిలీన్ గ్లైకాల్ అను విషము కలదని తేల్చినది. పరీక్షకునకు నియమములలో 60 దినముల గడువును పెట్టియున్నారు. పిల్లలు పోయినపిదప ఒకనాటిలో అగు పని, పోకముందు అరువది నాళ్లలోనైన కావలదా?

మనవంటివారికి తెలియవలసినది మరియొకటి. ఆ చట్టపు 26వ సెక్షను ప్రకారము ఎవ్వరైనను తాము కొన్న మందును రుసుము చెల్లించి సర్కారు పరీక్షకునకు పంపి, సంతకముతోడి నివేదిక పొందవచ్చును. ఇన్‌స్పెక్టరుకొరకు వేచియుండ నక్కరలేదు. ఎవరు, ఎప్పుడు, ఏ బ్యాచి మందు అమ్మిరో చూపుటకు రసీదు కావలెను. అంగడివానికిని అది మేలే: లైసెన్సు గలవానివద్ద కొని, సరిగా నిలువచేసి, దోషమెరుగక అమ్మినవానికి చట్టమున రక్షణ కలదు.

మొన్న నందిగామలో జ్వరపుబిళ్లలు కొన్నప్పుడు అంగడివాడు బ్యాచి నంబరు లేని చీటి యిచ్చినాడు. నిలిచి వ్రాయించుకొంటిమి. వెనుకనున్న ముసలమ్మ "అదెందుకే తల్లీ?" యని యడుగగా చెప్పితిమి. ఆమెయు తన చీటిని మరల అంగడివానిచేతికి చాచినది.