గీత చెరిపితే నీటి దారి ఎటు?

111 జీవో పరిధిలోని 84 గ్రామాల్లో వీడని చిక్కుముడి

జంట జలాశయాల ఎగువన ఇళ్ల వెంచర్లకు తలుపులు తెరవాలా, మూసి ఉంచాలా అన్న ప్రశ్న రంగారెడ్డి జిల్లాలో ఏటా ఏదో ఒక రూపంలో తలెత్తుతూనే ఉంది. శంషాబాద్, మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, షాబాద్, రాజేంద్రనగర్, కొత్తూరు మండలాల్లోని 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు ఈ వివాదం పరిధిలోకి వస్తాయి. ఆంక్షలు ఎత్తివేయాలన్న పట్టాదారుల డిమాండు అందరికీ తెలిసిందే. ఎన్నికల సభల్లో అది మార్మోగుతుంది. అవే గ్రామాల్లో వెంచర్లు వద్దంటున్న కూరగాయల రైతులు, కౌలుదారులు, పాడిపై బతికే కుటుంబాల గోడు మాత్రం సభల దాకా రాదు.

1996 మార్చి 8న వెలువడిన 111వ నంబరు ఉత్తర్వు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పూర్తి నీటిమట్టం నుంచి పది కిలోమీటర్ల వరకు పరీవాహక ప్రాంతంలో కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. పరీవాహకంలో 90 శాతం నేలను పరిరక్షణ, వినోద అవసరాలకే కేటాయించాలని, ఆ గ్రామాల్లో కొత్త లేఅవుట్లు వేస్తే 60 శాతం ఖాళీ స్థలానికి, రోడ్లకు వదలాలని నిర్దేశించింది. అంటే ఇల్లే కట్టకూడదని కాదు. పల్లె పల్లెగా పెరగవచ్చు, నగరం మాత్రం అటు తరలి రాకూడదు అన్నది దాని సారాంశం.

ఈ జాగ్రత్త వెనుక ఒక విషాదముంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తింది. వేలాది ప్రాణాలు పోయాయి. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు మూసీపై గండిపేట వద్ద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ నదిపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను అడ్డుకోవడం వాటి మొదటి పని, దాహం తీర్చడం రెండోది. నేటి చర్చలో మొదటిది మరుగున పడి రెండోదే మిగలడం గమనార్హం.

ఈ గీత న్యాయస్థానం పరీక్షకూ నిలిచింది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక నూనె ఉత్పత్తుల కర్మాగారానికి నాటి రాష్ట్ర ప్రభుత్వం పది కిలోమీటర్ల నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 1999 జనవరిలో, తిరిగి 2000 డిసెంబర్‌లో తీర్పులిచ్చిన ధర్మాసనం మినహాయింపును తప్పుపట్టింది. ముప్పు జరిగాక కాదు, జరగకముందే అడ్డుకోవాలన్న ముందుజాగ్రత్త సూత్రాన్ని ఈ రెండు జలాశయాలకు అన్వయించింది. దేశంలో పర్యావరణ న్యాయం చదివే ప్రతి విద్యార్థీ ఈ కేసును చదువుతాడు. జిల్లా వాసుల్లో ఎందరికి తెలుసన్నది సందేహమే.

రైతు ఆవేదన అబద్ధం కాదు

ఆంక్షలను వ్యతిరేకించే పట్టాదారులను భూదాహపరులని తీసిపారేయడం అన్యాయం. గండిపేటకు చేరువలోని కోకాపేటలో 2023 ఆగస్టులో జరిగిన ప్రభుత్వ వేలంలో ఎకరం ధర వంద కోట్ల రూపాయలు దాటింది. గీతకు ఇవతల రెండెకరాల ఆసామి బిడ్డ పెళ్లికో, వైద్యానికో అర ఎకరం అమ్ముకోవాలంటే దానిలో పదో వంతు కూడా పలకదు. పైగా ఆయన కళ్ల ముందే రోడ్డు వెంట ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు, విద్యాసంస్థలు లేచాయి. అంతర్జాతీయ విమానాశ్రయం, ఔటర్ రింగ్ రోడ్డు కూడా ఈ ప్రాంతానికే వచ్చాయి. ప్రహరీ గోడల వెనుక ఏం కడుతున్నారని అడగని యంత్రాంగం, చిన్న రైతు రెండు గదులు వేసుకుంటే మాత్రం నోటీసు పట్టుకొస్తోందన్న ఆగ్రహం సహజం. 2024 ఆగస్టులో గండిపేట నీటి పరిధిలో ఖానాపూర్, చిల్కూరు వైపు వెలసిన నిర్మాణాలను హైడ్రా కూల్చినప్పుడు పదిమంది అడిగిన మాట ఒకటే: ఇన్నేళ్లూ ఎవరి అండతో నిలిచాయి?

చాలా భూమి ఇప్పటికే చేతులు మారిందన్నది మరో చేదు నిజం. ఆంక్షలు ఉన్న రోజుల్లో చౌకగా కొన్నవారికి అవి తొలగిన రోజున దక్కే లాభం, అప్పుడు అమ్ముకున్న రైతుకు దక్కదు. ఎత్తివేతను రైతు మేలుగా చెప్పే నాయకులు ఈ సంగతిని ప్రస్తావించరు.

1.25 శాతం లెక్క

2022 ఏప్రిల్ 12న తెలంగాణ ప్రభుత్వం 69వ నంబరు ఉత్తర్వుతో 111లోని ఆంక్షలను తొలగించింది. జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినకూడదన్న షరతు విధించింది. 2023 మే 18న మంత్రివర్గం 111ను పూర్తిగా రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. వ్యవహారం హైకోర్టు మెట్లెక్కింది. ప్రభుత్వం చూపిన ప్రధాన కారణం ఒక అంకె. 1996లో నగర తాగునీటిలో 27 శాతానికి పైగా ఈ జలాశయాలదే కాగా, ఇప్పుడు 1.25 శాతం కూడా లేదని. కృష్ణా, గోదావరి జలాలు వచ్చాయి కనుక వీటి అవసరం తీరిందని.

అభ్యంతరం చెప్పేవారి వాదన ఇక్కడే బలంగా ఉంది. నాగార్జునసాగర్ నుంచి, ఎల్లంపల్లి నుంచి నీటిని వంద కిలోమీటర్లకు పైగా పంపులతో తోడి తేవాలి. గండిపేట నీరు ఆసిఫ్‌నగర్ శుద్ధి కేంద్రానికి వాలు మీద దానంతటదే వస్తుంది. కరెంటు బిల్లు పెరిగిన ఏడాది ఈ తేడా విలువ తెలుస్తుంది. అంతకు మించి, 1.25 శాతం లెక్కలో వరదకు చోటు లేదు. 2025 సెప్టెంబర్ 26 రాత్రి జంట జలాశయాల గేట్లు ఎత్తగా మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీరు చేరింది. ప్రయాణికులను బయటికి తరలించాల్సి వచ్చింది. ఎగువన పొలం వాన నీటిని పీల్చుకుంటుంది, ఆలస్యంగా వదులుతుంది. సిమెంటు రోడ్డు, డాబా కప్పు ఆ పని చేయవు. పడిన వాన పడినట్టే గంటల్లో జలాశయానికి చేరుతుంది, గేట్లు అంత త్వరగా ఎత్తాల్సి వస్తుంది. అదే నేల వేసవిలో బోరుకు నీరివ్వదు.

గ్రామాల్లో వెంచర్లను వ్యతిరేకించే వారి భయం ఈ చివరి మాట చుట్టూనే తిరుగుతోంది. చేవెళ్ల, మొయినాబాద్, షాబాద్ మండలాల కూరగాయలు, పూలు మెహిదీపట్నం రైతుబజారుకు, గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు తెల్లవారేసరికి చేరతాయి. ఆ సాగంతా బోర్ల మీదే. భూమి చదును చేసే యంత్రం వాగు వంపును పూడ్చి హద్దురాళ్లు పాతితే కింది కుంట నిండదు, పక్క రైతు బోరు ఎండుతుంది. ఆయన భూమి అమ్మకపోయినా నష్టం ఆయనదే. కౌలుదారుకైతే అమ్మడానికి భూమే లేదు. ధర పెరిగితే యజమాని పొలాన్ని ప్లాట్లు చేస్తాడు, కౌలు పోతుంది.

మురుగు సంగతి చెప్పనే అక్కర్లేదు. హుస్సేన్‌సాగర్ కూడా ఒకనాడు తాగునీటి చెరువే. చుట్టూ నగరం పెరిగాక ఏమైందో నగరవాసులు రోజూ ముక్కు మూసుకుని చూస్తున్నారు. మురుగు శుద్ధి కేంద్రాలు కడతామన్న హామీలు కాగితం మీద ఘనంగానే ఉంటాయి. ముందు ఇళ్లు, తరువాత డ్రైనేజీ అన్నది నగర శివారు కాలనీల అనుభవం.

ఇంతలో మరో వైరుధ్యం. మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీల గోదావరి జలాలు తెచ్చే పథకానికి 2025 సెప్టెంబర్ 8న గండిపేటలో శంకుస్థాపన జరిగింది. అందులో రెండున్నర టీఎంసీలు మూసీ పునరుజ్జీవనానికి, ఈ జంట జలాశయాలకే ఉద్దేశించినవి. దూరం నుంచి కోట్లు ఖర్చుచేసి నింపబోయే జలాశయానికి, ఉచితంగా వచ్చే వాన నీటి దారిని మూసివేయడం ఏ లెక్కకు సరిపోతుందో పాలకులే చెప్పాలి.

రెండు పక్షాలకూ అంగీకారమయ్యే పని ఒకటుంది, అది ఎన్నడూ పూర్తి కాలేదు. 111 జాబితాలో గ్రామాలను గ్రామాలుగా చేర్చారు. నేల వాలు గ్రామ హద్దును పాటించదు. జలాశయం వైపు వాలని పొలాలూ నిషేధంలో చిక్కాయన్నది రైతుల చిరకాల ఫిర్యాదు. సర్వే నంబర్ల వారీగా నీటి వాలును కొలిచి, వాగులు, నాలాలు, శిఖం భూములు గుర్తించి పటం ప్రజల ముందు పెడితే, ఎవరి భూమికి నిజంగా ఆంక్ష అవసరమో తేలుతుంది. ఆంక్ష మిగిలిన రైతుకు పరిహారం చెల్లించవచ్చు. నగరంలో రోడ్ల విస్తరణకు స్థలమిచ్చిన వారికి అభివృద్ధి హక్కుల బదిలీ పత్రాలు ఇస్తున్నట్టే ఇక్కడా ఇవ్వవచ్చు. నగరాన్ని కాపాడుతున్న రెండెకరాల ఆసామికి ఆ నగరం ఇంతవరకు రూపాయి చెల్లించలేదు.