చేదుకి మెనూ కార్డు, పులుపుకి కేసు



కొంచెం పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి. ముందే ఒక మాట చెప్పేస్తాం. ఇది తాగమని చెప్పే పోస్టు కాదు. 21 నిండని తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ గ్రూపులో చాలామంది ఉన్నారని మాకు తెలుసు. ఈ గొడవ తాగుడు గురించి కన్నా మాటల గురించి ఎక్కువ.

పోయిన నెల మాలో ఒకడికి హైదరాబాదులో ఉద్యోగం పర్మనెంట్ అయింది. మేం ఐదుగురం. ఇద్దరిది భద్రాచలం వైపు, ఇద్దరిది రంపచోడవరం వైపు, ఒకామెది ఉట్నూరు. అందరం ఆశ్రమ పాఠశాలల నుంచి వచ్చినవాళ్లమే. వాడి ఆఫీసు స్నేహితుడొకడు "పార్టీ నేను చెప్పిన చోటే" అని పట్టుబట్టి, బీరు అక్కడికక్కడే తయారుచేసే బ్రూవరీకి తీసుకెళ్లాడు. పెద్ద పెద్ద స్టీలు డ్రమ్ములు అద్దం వెనకాల మెరుస్తున్నాయి. మెనూ కార్డులో ఒక్కో బీరుకి ఒక పేరా వర్ణన. మేం తీసుకున్నది డబుల్ ఐపీఏ. ఆల్కహాల్ 8 శాతం అని రాసి ఉంది. మన వైపు షాపుల్లో దొరికే స్ట్రాంగ్ బీర్లు కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటాయి గాని వాటిలో ఘాటు తప్ప చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ఇది వేరు.

ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్తాం. రంగు ముదురు తేనె. పైన నురగ అప్పుడే పితికిన పాల మీద నురగంత చిక్కగా నిలబడింది. ముక్కు దగ్గర పెడితే ముందు నారింజ తొక్క గిల్లినప్పుడు చిమ్ముతుంది చూడండి, ఆ వాసన. దాని వెనక పచ్చి మామిడి సొన. ఇంకా వెనక, మేమెవరం అనుకోనిది, గుగ్గిలం. నిప్పుల మీద వేసిన గుగ్గిలం కాదు, వేయకముందు అరచేతిలో నలిపితే వచ్చే వాసన. ఉట్నూరు అక్క తాగదు, వాసన మాత్రం చూసి "మా ఊరి దేవుడి గుడిసెలా ఉందిరా" అంది.

నోట్లో పోసుకుంటే మొదట కాస్త మాడిన బెల్లం పాకం తీపి. హమ్మయ్య అనుకునేలోపు చేదు. నాలుక చివర తగిలే చేదు కాదు, గొంతు మొదట్లో కూర్చునే చేదు. చిన్నప్పుడు జ్వరానికి అవ్వ తాగించిన నేలవేము కషాయం గుర్తుకొచ్చింది ముగ్గురికి ఒకేసారి. మింగాక ఛాతీలో వెచ్చగా దిగింది. రెండో గుక్కకి చేదు తగ్గినట్టనిపించింది, మూడో గుక్కకి మేమే దాన్ని వెతుక్కున్నాం. గ్లాసులో వేడెక్కేకొద్దీ పండిన అనాస వాసన పైకొచ్చింది, దాంతోపాటు కొంచెం ఉల్లిపాయ వాసన కూడా. అది మాత్రం మెనూలో రాయలేదు.

నచ్చిందా అంటే నచ్చింది. అబద్ధం ఎందుకు? కాకపోతే సగం గ్లాసు అయ్యేసరికి నాలుక మొద్దుబారిపోయింది. పక్కన పెట్టిన చేప వేపుడు రుచే తెలీలేదు. గట్టిగా మాట్లాడే మనిషి ఇంట్లో ఉంటే మిగతావాళ్ల మాట వినపడనట్టు.

ఆఫీసు స్నేహితుడు గ్లాసు గుండ్రంగా తిప్పుతూ "పైన్, రెజిన్, సిట్రస్" అని కార్డులో ఉన్నవే మళ్లీ చెప్పాడు. మంచోడే. కాసేపయ్యాక నవ్వుతూ అడిగాడు: "మీ ఏజెన్సీలో నాటుసారా కదా బ్రో, అది తాగితే కళ్లు పోతాయంటగా?" మేం కూడా నవ్వేశాం. అలవాటు కదా. మిథైల్ ఆల్కహాల్ కలిపిన కల్తీ సారాతో పోతాయి గాని ఇప్పపువ్వుతో, జీలుగుతో కాదని అక్కడే చెప్పొచ్చు. ఒక్కరం చెప్పలేదు. మెట్రోలో రూముకి తిరిగొస్తుంటే మాకే మా మీద కోపం వచ్చింది. ఈ పోస్టు ఆ కోపంలోంచి మొదలైంది, తర్వాత కొంచెం చదువుకున్నాం.

హాప్స్ అంటే ఒక తీగ. దాని ఆడ పూలు చిన్న చిన్న ఆకుపచ్చ కాయల్లా ఉంటాయి. వాటి రేకుల మొదట్లో పసుపు పొడి ఉంటుంది, ఆ చేదు, ఆ గుగ్గిలం వాసన అంతా అక్కడిదే. ఈ తీగ గంజాయి కుటుంబానికి చెందిన మొక్క. మాట వరసకి కాదు, వృక్షశాస్త్రం లెక్కలోనే. ఒకే కుటుంబంలో ఒక చెల్లెలు మెనూ ఎక్కింది, ఇంకో చెల్లెలి బస్తా మోసిన మన మన్యం పిల్లలు జైళ్లలో ఉన్నారు. సరే, అది ఇంకో పోస్టు.

హాప్స్‌లో ఉన్న అసలు గుణం వేరు. చేదు ఇచ్చే ఆమ్లాలు పులుపు పుట్టించే బ్యాక్టీరియాని పెరగనివ్వవు. అందుకే బీరు నెలల తరబడి నిలవ ఉంటుంది, ఓడలెక్కుతుంది. ఐపీఏ అంటేనే ఇండియా పేల్ ఏల్. లండన్ రేవుల దగ్గర బో అనే చోట హోడ్జ్‌సన్ బ్రూవరీ ఈస్టిండియా కంపెనీ ఓడల మీద ఈ రకం బీరుని మన దేశానికి పంపి సంపాదించింది. 1820లలో బర్టన్ ఊరి ఆల్‌సాప్ కంపెనీ పోటీకి దిగింది. కేవలం ఇండియా కోసమే కనిపెట్టారన్నది మెనూ కార్డుల కథ. హాప్స్ దండిగా వేసి నిలవ చేసే బీర్లు అక్కడ ముందునుంచే ఉన్నాయి. ఇక్కడ దాన్ని ఎక్కువగా తాగింది దొరలూ అధికారులూ. మామూలు తెల్ల సిపాయిలకి వచ్చింది నల్లటి పోర్టర్ బీరు. పేరులో ఇండియా ఉంది గాని ఆ ఇండియాలో మన తాతలు లేరు. ఇప్పుడు మేం తాగిన డబుల్ రకం ఇంకా కొత్తది. 1994లో కాలిఫోర్నియాలో విన్నీ సిలుర్జో అనే బ్రూవర్ హాప్స్ బాగా పెంచి చేసిన బీరు నుంచి దీని కథ చెప్తారు. అంటే వయసు మా అన్నల వయసే.

మరి జీలుగు సంగతేంటి? రంపచోడవరం వైపు వాళ్లం కాబట్టి ఇది మేం చెప్పగలం. గెలని రోజూ పొద్దున, సాయంత్రం పల్చగా చెక్కుతారు. ఒక్క చెక్కు ఎక్కువ తక్కువైతే ధార ఆగిపోతుంది. తెల్లారి దింపిన కల్లు కొబ్బరినీళ్ల కన్నా తీపి, పచ్చి గడ్డి వాసన, నాలుక మీద సన్నగా చిటచిట. పొద్దు నడినెత్తికొచ్చేసరికి తీపి సగం పోయి పులుపు, కొంచెం చల్ల వాసన. సాయంత్రానికి పెద్దోళ్ల కల్లు: పుల్లగా, వగరుగా, గొంతు దిగుతుంటే గీరుకుంటూ. మర్నాటికి పారబోయడమే. ఒక తాత కళ్లు మూసుకుని గుక్క తాగి "ఇది వాగు అవతలి చెట్టుది" అని చెప్పేవాడు. చిన్నప్పుడు అది మాకు వింతనిపించలేదు. ఆ బ్రూవరీలో ఎవరైనా అలా చెప్తే ఆయనకి కోటు తొడిగి ఫొటో తీసేవాళ్లు.

చూశారా, హాప్స్ ఆపేసే పులుపే మన కల్లు ప్రాణం. ఆ పులుపు వల్లే అది ఊరు దాటదు. సీసాలో పెట్టలేరు, గోడౌన్‌లో దాచలేరు, ముందే కొనిపెట్టుకోలేరు. చెట్టు కింద కూర్చున్నవాడే తాగాలి, పక్కవాడికి పోయాలి. ప్రయాణం చేసేదానికి చరిత్ర రాశారు, ప్రయాణం చేయనిదానికి పన్ను వేశారు.

పన్ను అని ఊరికే అనలేదు. రంప అనగానే అందరికీ 1922, అల్లూరి గుర్తొస్తారు. అంతకు 43 ఏళ్ల ముందు, 1879లో అదే రంపలో పెద్ద పితూరీ జరిగింది. తమ్మన్నదొర, చంద్రయ్య లాంటి వాళ్లు నడిపారు. కారణాల్లో ముందు వరసలో ఉన్నది కల్లు. మన్సబుదారు చెట్టు మీద చిగురు పన్ను పిండాడు. దాని మీద కొత్త అబ్కారీ నిబంధనలు వచ్చాయి: ఇంట్లో వాడకానికి కూడా కల్లు గీయకూడదు, గీత హక్కు కాంట్రాక్టర్లది. తిండిగింజలు అయిపోయిన నెలల్లో కల్లే అంబలిగా బతికిన జనానికి ఇది తాగుడు సమస్య కాదు, ఆకలి సమస్య. తెల్లదొరలు హాప్స్ బీరు తాగుతున్న రోజుల్లోనే మన తాతలు తమ చెట్టు కల్లు కోసం ప్రాణాలిచ్చారు. ఇది మా పుస్తకాల్లో ఎక్కడా చదవలేదు, మీరెవరైనా స్కూల్లో చదివారా?

ఆ రోజులు పోయాయనుకోవద్దు. మాలో ఒకరి అవ్వ, పెళ్లికని ఇప్పపువ్వు నానబెట్టింది. రెండు కుండలు. ఎవరో చెప్పారు, వచ్చి కుండలు పగలగొట్టి కేసు రాశారు. వాయిదాలకి తిరగడానికి అయిన బస్సు ఛార్జీలతో ఆమె ఇంకో మేక కొనేది. ఇంకోపక్క మధ్యప్రదేశ్ ప్రభుత్వం అదే ఇప్ప సారాని 2022 నుంచి హెరిటేజ్ మద్యం అంటోంది. ఆదివాసీ స్వయం సహాయక సంఘాలతో చేయించి, సీసాలో పోసి, పేరు పెట్టి అమ్మిస్తోంది. గోవా ఫెనీకి 2009లోనే జీఐ గుర్తింపు వచ్చింది. మారింది సరుకు కాదు కదా, పిలిచే మాట.

ఇదంతా రాసి ఉట్నూరు అక్కకి చూపించాం. ఆమె బాగుందనలేదు. "మా నాన్న తాగే పోయాడు, మీకు తెలుసు. చంపింది బెల్టు షాపు క్వార్టరే, ఇప్ప సారా కాదు. కానీ ఇప్ప సారా అయితే చంపేది కాదని నేను రాసివ్వలేను. మా అమ్మ ముందు ఈ పోస్టు చదవగలరా?" అంది. మేం చదవలేం. ఆ మాట దాచకుండా ఇక్కడ పెడుతున్నాం. కల్లు మన సంస్కృతి అని స్టేటస్ పెట్టడం తేలిక, రాత్రి తలుపు తన్నే మొగుడితో బతికేది మన అక్కలు. మన ఊళ్లలో వద్దనే ఆడవాళ్ల మాటని సంస్కృతి పేరుతో నొక్కేస్తే మనం ఆ కాంట్రాక్టర్ కన్నా ఏం మెరుగు?

అందుకే మా అభిప్రాయం ఒక్కటే. వద్దా, కావాలా, ఎంత, ఎప్పుడు అనేది ఊరు తేల్చాలి. ఇది మా కోరిక కాదు, చట్టం. 1996 పెసా చట్టం 4(ఎం) సెక్షన్‌లో మొదటి అంశమే ఇది: మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకి, పంచాయతీకి ఉండాలని. నిషేధించడం కూడా అందులో ఉంది, అక్క గమనించాలి. మన ఊళ్లో బెల్టు షాపు పెట్టేటప్పుడు గ్రామసభ పెట్టారా? అవ్వ కుండ పగలగొట్టేటప్పుడు పెట్టారా? రెండిటికీ జవాబు ఒకటే. సెలవులకి ఊరెళ్లినప్పుడు గ్రామసభలో ఈ రెండు ప్రశ్నలూ కలిపి అడగండి. ఒకటే అడిగితే తాగుబోతు అంటారు, లేదంటే ఊరి మర్యాద తీశావంటారు.

ఈలోపు మేం ఒక నోట్‌బుక్ మొదలుపెట్టాం. ఆ మెనూ కార్డులో బీరుకి పదిహేను మాటలున్నాయి. మన కల్లుకి, ఇప్పపువ్వుకి ఎన్ని మాటలున్నాయో రాసుకుంటున్నాం, కోయలో, గోండిలో, కొండరెడ్ల తెలుగులో, ఎవరి నోట ఎలా ఉంటే అలా. తాగని వాళ్లకే ఎక్కువ మాటలు తెలుస్తున్నాయి, అదో చిత్రం. ఇప్పపువ్వు పొద్దున ఏరినప్పటి వాసనకి, మూడు రోజులు ఎండాక వచ్చే ఎండుద్రాక్షలాంటి వాసనకి, వాన తడిసి పాడైన పువ్వు వాసనకి వేరే వేరే మాటలున్నాయని అక్క వాళ్లమ్మే ఫోన్లో చెప్పింది. చెప్పి, "అవన్నీ ఎందుకురా మీకు, పరీక్షలు లేవా" అని తిట్టింది.

మీ ఊళ్లో పొద్దుటి కల్లుని ఏమంటారు, పులిసినదాన్ని ఏమంటారు, పారబోసేదాన్ని ఏమంటారు? కింద రాయండి. ఊరి పేరు, భాష పేరు కూడా రాయండి. తెలీకపోతే అవ్వకి ఫోన్ చేయండి.