కాపాడాం సరే, సాకేదెవరు?

"చిలకని పెంచుతున్నారా?" అని అడిగి చూడండి. "అబ్బే, పెంచడం కాదండీ, పాపం దాన్ని కాపాడాం" అంటారు. ఆ మాట అన్నాక అవతలివాళ్లు ఇంక నోరెత్తకూడదు. జీవకారుణ్యం కదా మరి! పంజరం వరండాలో ఊగుతూనే ఉంటుంది, పుణ్యం వాళ్ల ఖాతాలో పడుతూనే ఉంటుంది.

నేను మాత్రం నోరెత్తుతాను. కాపాడడం అంటే ప్రాణిని ఆపదలోంచి బయటికి తేవడం. అమ్మేవాడి బుట్టలోంచి తీసి మన పంజరంలో పెడితే అది చేతులు మారడమే అవుతుంది. కాపాడే పని అక్కడ మొదలవుతుందే గానీ పూర్తి కాదు. ఆ మిగతా పని ఎవరి నెత్తిన పడుతుందో మీకు నేను వేరే చెప్పాలా?

మా చిన్న తోటికోడలి సంగతి చెబుతాను. పోయినేడాది శివరాత్రి తీర్థానికి వెళ్లినప్పుడు మా మరిది మూడొందలు పెట్టి ఒక రామచిలక పిల్లని కొన్నాడు. బుట్టలో పదిహేను పిల్లలు ఒకదాని మీద ఒకటి కుక్కి ఉన్నాయట. పిల్లాడు ఏడ్చాడు, తండ్రికి జాలేసింది. ఇంటికి తెచ్చి "దీన్ని కాపాడాం" అన్నారు. వారం రోజులు ఇల్లంతా దాని చుట్టూనే. పేరు పెట్టారు, ఫోటోలు తీశారు, గ్రూపులో పెట్టారు. రెండో వారానికి పిల్లాడికి పరీక్షలు, తండ్రికి ఆఫీసు. చిలక మటుకు తోటికోడలిది అయిపోయింది.

మా తోటికోడలు ఏ పనీ అరకొరగా చేసే మనిషి కాదు. చిలకని ఎప్పుడూ పెంచి ఎరగదు కాబట్టి చదివింది, నలుగురినీ అడిగింది, నేర్చుకుంది. ఆమె నేర్చుకున్నవి వింటే చిలక అంటే పచ్చిమిర్చి, జామకాయ పడేస్తే చాలనుకునే మనందరికీ కళ్లు తెరుచుకుంటాయి.

తిండి సంగతి చూడండి. బజార్లో "చిలకల మేత" అని పొద్దుతిరుగుడు గింజలు అమ్ముతారు. ఉత్త ఆ గింజల మీదే పెంచితే కొవ్వు పట్టి కాలేయం పాడవుతుంది, ఎ విటమిన్ అందక జబ్బు చేస్తుంది. మొలకెత్తిన పెసలు, జొన్నకంకి, తోటకూర, మునగాకు, క్యారెట్, జామ ముక్కలు ఇలా రోజుకి నాలుగైదు రకాలు మారుస్తుండాలి. పచ్చిమిర్చి కారం పక్షులకి తెలీదు, అది పెట్టొచ్చు. ముద్దుకొద్దీ మనం పెట్టే టీలో ముంచిన బిస్కెట్టు, చాక్లెట్, ఉప్పు చిప్స్, ఉల్లిపాయ ముక్క మాత్రం దానికి విషంతో సమానం. పాలు అరగవు. అవకాడో అయితే ప్రాణమే తీస్తుంది.

వంటింటి సంగతి మరీ ముఖ్యం. నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద మరిచిపోయి బాగా వేడెక్కితే వచ్చే పొగ మనకి వాసన కూడా సరిగా తెలియకముందే పంజరంలో పక్షిని చంపేస్తుంది. అగరొత్తులు, దోమల చుట్టలు, గదిలో కొట్టే సెంటు కూడా దాని ఊపిరికి పడవు. రాత్రి పది, పన్నెండు గంటలు చీకట్లో నిశ్శబ్దంగా నిద్రపోవాలి. మన ఇళ్లలో రాత్రి పదిన్నర దాకా హాల్లో టీవీ మోగుతుంటే ఆ నిద్ర ఎక్కడిది?

పంజరం దాని తోక కమ్మీలకి తగలనంత, రెక్కలు పూర్తిగా చాచుకునేంత ఉండాలి. బజారు పంజరాల్లో ఎన్నిటికి ఆ వెడల్పు ఉంది? చిలక కాలికి రెండు వేళ్లు ముందుకి, రెండు వెనక్కి ఉంటాయి, కొమ్మని పట్టుకోవడానికి. నున్నటి ప్లాస్టిక్ కడ్డీ ఒక్కటే పెడితే అరికాళ్లు పుండ్లు పడతాయి. లావూ సన్నం కలిసిన వేప కొమ్మలో, జామ కొమ్మలో కోసి పెట్టాలి, కొరికేస్తే మార్చాలి. రెట్ట రోజూ తీయాలి, అదీ తడిగుడ్డతో తీయాలి. ఎండిన రెట్ట దుమ్ము పీలిస్తే చిలకల నుంచి మనుషులకి ఊపిరితిత్తుల జబ్బు అంటుకోవచ్చు. ఇంట్లో చంటిపిల్లలో, ఆయాసం ఉన్న పెద్దవాళ్లో ఉంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

వీటన్నిటికీ మించింది జబ్బు. పక్షి తన నీరసాన్ని చివరిదాకా దాచుకుంటుంది. అడవిలో నీరసంగా కనపడితే డేగ తన్నుకుపోతుంది కదా. ఈకలు ఉబ్బించి ముడుచుకుని కూర్చుని, ఊపిరి తీసినప్పుడల్లా తోక ఊగుతోందంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం. మా తోటికోడలు అలాంటి ఒక పొద్దున ఊళ్లో ఇద్దరు పశువుల డాక్టర్ల దగ్గరికి పరిగెత్తింది. "గేదెలు, కుక్కలు చూస్తామమ్మా, పక్షులు మాకు తెలీదు" అన్నారు. మూడో చోట మందు దొరికింది. ఆ రోజు ఆవిడ చెల్లెలి సీమంతం. వెళ్లలేకపోయింది.

"అక్కా, రోజుకి రెండున్నర గంటలు దీనికే పోతోంది. నేను లేకపోతే ఇంట్లో ఎవరూ నీళ్లు కూడా మార్చరు" అని ఫోన్‌లో చెప్పింది. రామచిలక పంజరంలో సక్రమంగా పెరిగితే ఇరవై ఏళ్లు, పాతికేళ్లు బతుకుతుంది. అంటే పిల్లాడి పెళ్లయి మనవలు పుట్టే దాకా! తీర్థంలో ఐదు నిమిషాల జాలికి పాతికేళ్ల చాకిరీ ఒకరి మీద రాసేశారు, ఆవిడని ఒక్క మాట అడక్కుండా.

ఆడవాళ్లని పంజరంలో చిలకతో పోల్చి కవితలు రాసేవాళ్లకి ఒక దండం. ఆ పోలిక కాసేపు పక్కన పెట్టి, ఆ పంజరం అడుగున ట్రే కడుగుతున్నది ఎవరో చూడండి.

ఇంత చెప్పాక "అయితే చేతకాకపోతే తెచ్చుకోకూడదు, చేతనైతే పెంచుకోవచ్చు, అంతేగా?" అంటారేమో. కాదు. ఎంత బాగా చేతనైనా రామచిలకని ఇంట్లో ఉంచుకోకూడదు. అది మన దేశపు అడవి పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. 2022లో చట్టాన్ని సవరించాక 3 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. దుకాణాల్లో "లవ్‌బర్డ్స్" అని అమ్మే చిన్న పక్షులు వేరే దేశాలవి, వాటి లెక్క వేరు. మన చెట్టుతొర్రలో పుట్టిన చిలక మాత్రం మనది కాదు.

"మేం కొనకపోతే ఆ బుట్టలోనే చచ్చిపోయేది కదా" అనేది అందరూ చెప్పే మాట. ఒప్పుకుంటాను, ఆ ఒక్క పిల్ల చచ్చిపోయేదేమో. కానీ మనం ఇచ్చిన మూడొందలు ఏం చేస్తాయి? వచ్చే ఏడు ఇంకో తొర్రలో చెయ్యి పెట్టిస్తాయి. అమ్మేవాడికి మన జాలితో పనిలేదు, డబ్బు చాలు. ఖాళీ అయిన చోట ఇంకో పిల్ల వస్తుంది. దారిలో చచ్చినవాటి లెక్క బుట్టలో కనపడదు. పుణ్యానికని కొని ఆకాశంలోకి వదిలేసేవాళ్లదీ ఇదే దారి. రెక్కలు కత్తిరించిన పక్షిని వదిలితే అది ఎగరదు, కుక్క నోట్లోనో కాకి ముక్కుకో పడుతుంది. బుట్ట కనపడినప్పుడు చేయాల్సింది ఒక్కటే: కొనకుండా అటవీ శాఖవాళ్లకి గానీ పోలీసులకి గానీ ఫోన్ చేయడం. అలా చేస్తే ఒక్క పిల్ల కాదు, పదిహేనూ బయటపడే అవకాశం ఉంటుంది.

రెండో మాట: "పాపం ఎగరలేదండీ, అందుకే ఉంచుకున్నాం." ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కత్తిరించిన రెక్క, విరిగిన రెక్క ఒకటి కావు. ఈకలు మన గోళ్లలాంటివి. కత్తిరించిన ఈక మొదలు రాలిపోయి ఆ చోట కొత్తది వస్తుంది. అందుకు కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. ఈలోగా విశాలమైన చోట, తన జాతి పక్షుల మధ్య, ఎగరడం సాధన చేసే వీలు ఉంటే అది మళ్లీ ఎగరగలదు. మన వరండాలో అడుగున్నర పంజరంలో రెక్కలు వచ్చినా ఎగరడానికి చోటేదీ? ఎగరలేదు అని జాలిపడుతూ ఎగరకుండా ఉంచుతున్నది మనమే.

మూడోది అందరికన్నా తీయటి మాట: "మాతో ఎంత చక్కగా మాట్లాడుతుందో!" అడవిలో చిలక గుంపులో బతుకుతుంది. పొద్దున్నా సాయంత్రం వందల గొంతులతో కలిసి అరుస్తుంది. తన గుంపు అరుపు నేర్చుకోవడం దాని స్వభావం. గుంపు నుంచి విడదీస్తే ఎదురుగా ఉన్నవాళ్ల అరుపు నేర్చుకుంటుంది. "అమ్మా, టిఫిన్" అంటే మనం మురిసిపోతాం. దానికి పిలవడానికి ఇంకెవరూ లేక మనని పిలుస్తోంది. ఎవరూ పలకని ఇళ్లలో కొన్ని చిలకలు తమ ఈకలు తామే పీక్కుంటాయి. ఒంటరితనం, తోచకపోవడం అందుకు పెద్ద కారణాలు.

"మన సంప్రదాయంలో చిలక లేదా, గోదాదేవి చేతిలో చిలక లేదా?" అని అత్తయ్యగార్లు అడుగుతారు. ఉంది, చేతి మీద ఉంది, పంజరంలో లేదు. పంజరం సంగతి కావాలంటే భక్త రామదాసు కథ గుర్తు చేసుకోండి. పూర్వజన్మలో చిలకని పంజరంలో బంధించిన పాపానికే ఆయన గోల్కొండ చెరలో 12 ఏళ్లు ఉన్నాడని మన పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. కథ నమ్మండి, మానండి. పంజరాన్ని మాత్రం వాళ్లు పుణ్యంలో కలపలేదు, పాపం కిందే రాశారు.

మరి నిజంగా ఆపదలో ఉన్న చిలక మన గుమ్మంలోకి వస్తే? తరిమేయమని నేననడం లేదు. ఈకలు రాని పిల్ల చెట్టు కింద పడితే, తొర్ర తెలిస్తే అందులోనే పెట్టేయండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టుకోదన్నది ఉత్తమాట. ఈకలు వచ్చిన పిల్ల నేల మీద గెంతుతుంటే కుక్కలూ పిల్లులూ రాకుండా దూరం నుంచి కాపలా కాయండి. తల్లిదండ్రులు వచ్చి తినిపిస్తాయి. గాయపడితే గాలి తగిలే చిల్లులున్న అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి, వెచ్చగా, చీకటిగా, చప్పుడు లేనిచోట ఉంచండి. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గుండె మీద గట్టిగా పట్టుకోకండి, దానికి ఊపిరాడదు. అదే రోజు అటవీ శాఖకి చెప్పండి. ఎవరూ వచ్చే దాకా ఒకటి రెండు రోజులు పడితే పైన చెప్పిన తిండీ జాగ్రత్తలూ పనికొస్తాయి. అప్పుడు అది మన ఇంటికి వచ్చిన రోగి. రోగిని నయం చేసి పంపిస్తాం, పేరు పెట్టి ఉంచేసుకోం.

మా తోటికోడలు చివరికి తనే ఫోన్ చేసింది. "కేసు పెడతారేమో" అని మా మరిది భయపడ్డాడు. "పెడితే కొన్నవాళ్లే సమాధానం చెప్పుకోవాలి" అంది. వచ్చినవాళ్లు పేర్లు రాసుకున్నారు, ఇంకోసారి కొనొద్దని గట్టిగా చెప్పారు, చిలకని తీసుకెళ్లారు. పిల్లాడు ఏడ్చాడు. ఆవిడా ఏడ్చింది. ఏడు నెలలు చేత్తో పెట్టిన ప్రాణి కదా. నేనైతే ఆ ఏడుపుని గౌరవిస్తాను. ఫోటో తీసి గ్రూపులో పెట్టినవాళ్ల ప్రేమకన్నా, పంపించి ఏడ్చిన ఆవిడ ప్రేమే పెద్దది. ఆ ఇంట్లో చిలకని కాపాడినవాళ్లు ఎవరైనా ఉంటే అది ఆవిడే.

అందుకని ఈసారి మీ ఇంటికి ఎవరైనా జాలి మోసుకొస్తే, గుమ్మంలోనే మూడు ప్రశ్నలు అడగండి. దీన్ని ఎక్కడ తెచ్చారు? ఎప్పుడు పంపిస్తారు? అప్పటిదాకా ట్రే ఎవరు కడుగుతారు? మూడిటికీ మనుషుల పేర్లతో, తేదీలతో జవాబు రాకపోతే వెంటనే ఫోన్ అందుకోండి. మీకు జాలి లేదంటారు, అననీయండి. జాలి పడడానికి ఇంటిల్లిపాదీ ఉన్నప్పుడు, బాధ్యత పడడానికి అమ్మ ఒక్కతే ఎందుకుండాలి?