డోలీని పొగడుట యెందులకు?

"అవసరమే ఆవిష్కరణకు తల్లి" యను సామెత హైదరాబాదు హైటెక్ సిటీ సభామందిరములలో తఱచుగ వినబడుచున్నది. కొండవాసుల యుపాయములను కొనియాడుటయు నిప్పుడొక వేడుకయైనది. ఆ తల్లిని అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలలో నేటికిని డోలీలో మోయుచున్నారని వక్తలకు విన్నవించుచున్నాము.

ఒక పొడవైన కఱ్ఱ; దాని కొనలకు ముడివైచిన దుప్పటి; లోన నొప్పులు పడుచున్న స్త్రీ. ముందొకడు, వెనుకొకడు భుజము పట్టుదురు. మార్చుకొనుటకు మఱి కొందఱు వెంట నడతురు. మంచము పట్టని యిఱుకు బాటలో, వాగు దాటునపుడు, నిటారు దిగుడులో, మనిషిని జాఱకుండ నిలుపు సాధనమది. యుక్తి గొప్పదే. మెచ్చుకొని యూరకుండుటయే మాకు దుస్సహము.

2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో 108 సేవ మొదలయ్యెను. నగరపు సాఫ్టువేరు వ్యాపారుల పూనికతో టెలిఫోను, కంప్యూటరు, వాహనము ఒక్కత్రాట గట్టబడినవి. ఎన్నియో ప్రాణములు నిలిచినవి, కాదనము. కాని యా బండి రోడ్డు తెగినచోట నాగును. అచ్చటినుండి గూడెము వఱకు డోలీయే!

కొండవారికి నేర్పు లేదందురా? ఉత్తరాంధ్ర, ఒడిశా సరిహద్దు కొండలలో సవరలు ఏటవాలు నేలకు ఱాతిగోడలు పేర్చి, మెట్టుమెట్టుగ మడులు గట్టి, సెలయేటి నీటిని పైమడినుండి క్రిందిమడికి దింపి వరి పండించుచున్నారు. ఏ యింజనీరింగు కళాశాలయు వారికిది నేర్పలేదు. వారి భాష నేర్వబోయిన గిడుగు రామమూర్తి పంతులుగారు మన్యపు జ్వరమునకు క్వినైను మ్రింగి వినికిడి గోల్పోయిరి. ఆయన సవర వ్యాకరణము 1931లో వెలువడినది. ఆయన కొండ యెక్కినది చప్పట్లు కొట్టుటకు గాదు.

సవర మడి ప్రకృతికి మనుష్యుడిచ్చిన జవాబు. డోలీ యట్లు కాదు. అది ప్రభుత్వపు బాకీ, దానిని గిరిజనులు తమ భుజములతో తీర్చుచున్నారు. రెంటిని ఒకే గాట గట్టి "ఆవిష్కరణ" మనుట బాకీదారుకు రసీదు వ్రాసియిచ్చుటయే.

రోడ్లు వేయుచున్నారు గదా యందురు. 2023 నవంబరులో ప్రారంభమైన జన్మన్ పథకమున దేశమంతటికి 8,000 కిలోమీటర్ల రహదారులు చేర్చిరి. మంచిదే. అయిన కాగితముపై పంక్తి వేఱు, కొండపై కంకర వేఱని న్యాయస్థానములలో తిరిగిన మేమెఱుగుదుము. ఏ గూడెమునకు రోడ్డు చేరినది, ఏది మిగిలినది, పేర్లతో పంచాయతీ గోడపై వ్రాయింపుడు. హైటెక్ సిటీ నిపుణులారా, ఆ పట్టికను నిలుపుట మీకు గడియ పని. ఏ గర్భిణి యే వారమున కొండ దిగవలెనో ముందుగ లెక్కించి, నొప్పులకు మునుపే యామెను ఆస్పత్రి చెంతకు చేర్చు నేర్పాటు చేయుడు. డోలీ వాడుక తప్పిన పిమ్మట, కావలసిన దానిని మ్యూజియమున పెట్టుకొందము.